ఎల్లుండి తోయిక్

శుక్రవారం. రాత్రి తొమ్మిదైనా ల్యాబ్‌లో ఎవరూ కదల్లేదు. పక్క డెస్కు అబ్బాయికి ఎల్లుండి తోయిక్. టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షని కొరియాలో అలాగే అంటారు. లిజనింగ్ వంద ప్రశ్నలు, రీడింగ్ వంద, రెండు గంటల టైము, మొత్తం 990 మార్కులు. డిగ్రీ చేతికి రావాలన్నా, ఉద్యోగానికి అప్లై చేయాలన్నా చాలాచోట్ల ఆ స్కోరు అడుగుతారు.

అతను చదవట్లేదు, రాస్తున్నాడు. ఒకటే మాట, కాగితంలో ఖాళీ కనపడకుండా, నల్లబడేదాకా. దీన్ని క్కమ్‌జి అంటారు. బళ్లో శిక్షగా కూడా రాయిస్తారట, మన ఇంపొజిషన్ లాగా.

తొంగి చూస్తే, రీయింబర్స్‌మెంట్! నోటితోనూ వల్లె వేస్తున్నాడు: రి-ఇమ్-బొ-సు-మొన్-టు. బస్సు, రోడ్డు అని మనం చివర ఉకారం తగిలించినట్టే వాళ్లూ తగిలిస్తారు. కాకపోతే పెదాలు చుట్టకుండా పలుకుతారు. కొరియాలో ఈ డేజాన్ ఊరికి వచ్చి ఇన్నాళ్లైనా ఆ ఉకారం నాకు పట్టుబడలేదు.

"నూనా, ఇది లోను తీర్చడమేనా?" అన్నాడు. నూనా అంటే అక్క. పుస్తకంలో ఎదురుగా ఇచ్చిన కొరియన్ మాట 'సాంగ్‌హ్వాన్'. బ్యాంకు అప్పు తీర్చడానికీ అదే వాడతారు మరి.

నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు ముక్క రాని మా నాయనమ్మ కూడా "ఈ ఏడు రీయింబర్స్‌మెంటు పడిందా?" అని అడిగేది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ చదివినవాళ్లం, ఈ మాటకి మాకు డిక్షనరీ ఎందుకు? ఫీజు పడేదాకా సర్టిఫికెట్లు ఇవ్వనన్న కాలేజీ, ఆఫీసు బయట బెంచీ మీద నాన్నా నేనూ... ఉత్సాహంగా అంతా చెప్పేశాను.

అతను ఉదాహరణ వాక్యం మళ్లీ చదువుకున్నాడు. ఉద్యోగి ప్రయాణం ఖర్చు తను పెట్టుకుంటే, బిల్లులు చూసి కంపెనీ తిరిగిస్తుంది.

"ఫీజు ముందు మీరు కట్టారా?"

"లేదు. గవర్నమెంటే కాలేజీకి కట్టేది."

"మీ డబ్బు పోలేదు కదా. మరి మీకు తిరిగొచ్చిందేంటి?"

అక్షరాలా నిజం. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. డబ్బు పడితే చాలనుకునేవాళ్లం.

కొత్త కాగితం తీశాడు. తర్వాతి మాట ఐటినరరీ.

"దీని పేరుతో కూడా మీ ఊళ్లో స్కీమేదైనా ఉందా, నూనా?"