పెచ్చెరువు దారిలో

ఏటి సూతకంలో కొండ ఎక్కకూడదంటారు. అమ్మ సంవత్సరీకం అయిపోయాక, మొదట శ్రీశైలమే వెళ్తానన్నాను. అదీ నడిచి. అమ్మ పెళ్లికి ముందు వాళ్ల నాన్న వెంట నల్లమల దారిన నడిచి వెళ్లిందట. ముసలితనంలో కూడా ఆ నడక గురించే చెప్పేది.

తోడెవరంటే నాకు తట్టింది ఒక్క మనిషే. హైస్కూల్లో నా పక్కన కూర్చుని, సాయంత్రం మా ఇంట్లోనే అన్నం తిన్న ఆత్మకూరు స్నేహితురాలు. పెళ్లిళ్లయ్యాక మా మధ్య ఫోన్లు పలచబడి ఆగిపోయాయి. చాలా ఏళ్ల తర్వాత నా గొంతు విని, "ఎప్పుడు పోదాం మే?" అంది. ఇంకేమీ అడగలేదు.

ఈ దారి శివరాత్రికీ ఉగాదికీ మాత్రమే తెరుస్తారు, మిగతా రోజుల్లో పులుల అడవి. ఉగాది ముందర మేం వెంకటాపురంలో నడక మొదలుపెట్టాం. చుట్టూ కన్నడ భక్తులే. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. చీరా సారె మోసుకొస్తారు. కొందరు పొడవాటి కర్రలు కాళ్లకు కట్టుకుని వాటి మీదే నడుస్తున్నారు. నాగలూటి వీరభద్రస్వామికి మొక్కి, అరిగిన రాతిమెట్లు ఎక్కాం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చదువుకున్నాం గానీ, అమ్మ పదహారేళ్ల పాదాలు కూడా ఇక్కడే పడ్డాయన్నదే నాకు గుర్తొస్తూ ఉంది.

పెచ్చెరువు దగ్గర అన్నదానం పంక్తిలో కూర్చున్నాం. పులుసన్నం కలుపుకుంటూ అది చెప్పింది. "మీ అమ్మ ప్రతి ఉగాదికీ నాకు ఫోన్ చేసేది. పోయిన ఉగాదికి రాలేదు. నేనే చేసినా. మీ అన్న ఎత్తినాడు."

నాకు తెలియదు. అమ్మ ఎన్నడూ అనలేదు.

"ఏం మాట్లాడేది?"

"నీ సంగతే. నీ కూతురు ఏం చదువుతోంది, నీకు మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి, అన్నీ చెప్పేది. నా కోడలికి పురుడు ఎప్పుడని అడిగేది. ఒకసారి పావుగంట సేపు చింతకాయ తొక్కు గురించే."

ఏడుస్తూ నవ్వాను. ఏడాది పొడుగునా అందరూ నన్ను ఓదార్చారు. పుణ్యాత్మురాలు, బాధ తప్పింది అన్నారు. ఆ మాటల్లో అమ్మ ఉండేది కాదు. చింతకాయ తొక్కులో ఉంది.

భీముని కొలను దగ్గర దారి నిలువునా లోయలోకి దిగి, అంతే నిలువుగా పైకి లేస్తుంది. ఎండకు రాళ్లు కాలుతున్నాయి. అది నా సంచీ లాక్కుని ముందు నడిచింది. కైలాసద్వారం చేరాక ఇద్దరం నేల మీదే కూలబడ్డాం.

సాక్షి గణపతి దగ్గర, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే స్వామి కదా, గోత్రం చెప్పుకున్నాను. నా వెనకే అది తన పేరు చెప్పి, తర్వాత మా అమ్మ పేరు కూడా చెప్పింది.

రద్దీ వల్ల స్పర్శ దర్శనం ఆపేశారు. మల్లన్నను చేత్తో తాకానని అమ్మ చెప్పిన ఆ భాగ్యం నాకు దక్కలేదు. దూరం నుంచే దండం పెట్టుకున్నాను. జనం తగ్గాక మళ్లీ వద్దామంది అది.

తిరుగు బస్సు దోర్నాల దాటాక అడిగింది. "ఆసుపత్రిలో ఏం తినేది మే? మాట్లాడేదా?"

అంతవరకూ నన్ను ఎవరూ అడగని మాట అది. చెప్పడం మొదలుపెట్టాను. గొట్టాలు, రాత్రుళ్లు, గంజి వద్దని మూతి తిప్పుకోవడం, నన్ను వాళ్ల అక్క పేరుతో పిలవడం. ఆత్మకూరు వచ్చినా సగం కూడా కాలేదు. దిగాల్సిన మనిషి దిగలేదు. కండక్టర్ని పిలిచి కర్నూలు దాకా టికెట్ తీసుకుంది.