మూత్రం నుంచి ఎరువు తీయడం: నా అనుభవం

ఇంటి మురుగునీటిలో మూత్రం వాటా పరిమాణంలో ఒక శాతం మాత్రమే అయినా, ఆ మురుగులో ఉండే నత్రజనిలో దాదాపు 80 శాతం, భాస్వరంలో సుమారు సగం దాని నుంచే వస్తాయి. అంత పోషకాన్ని నీళ్లలో కలిపేసి, ఆపై ఆ నీటిని శుద్ధి చేయడానికి మళ్లీ విద్యుత్తు ఖర్చు పెట్టడం నాకు ఎంతమాత్రం సబబుగా తోచలేదు. అందుకే మా ఇంట్లో మూత్రాన్ని విడిగా సేకరించి, దాని నుంచి స్ట్రువైట్ తీసే పని మొదలుపెట్టాను. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ (భాస్వరం ఉండే రూపం) సమపాళ్లలో కలిసి ఏర్పడే తెల్లని స్ఫటికాన్నే స్ట్రువైట్ అంటారు.

తాజా మూత్రంతో ఈ పని జరగదు. అందులో నత్రజని చాలావరకు యూరియా రూపంలోనే ఉంటుంది. సూక్ష్మజీవుల యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా విడగొట్టినప్పుడు పీహెచ్ 6 ప్రాంతం నుంచి 9 దాకా పెరుగుతుంది. స్ట్రువైట్ గడ్డకట్టడానికి కావలసింది సరిగ్గా ఆ క్షారగుణమే. పాత మూత్రం కొద్దిగా అడుగున ఉంచి దానిపై కొత్తది పోస్తే ఈ మార్పు త్వరగా జరుగుతుంది. ఇంట్లో ఎవరైనా యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లో మాత్రం వారిది సేకరించలేదు.

మెగ్నీషియం కోసం ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వాడాను. దాని అణుభారమూ స్ట్రువైట్ అణుభారమూ దాదాపు ఒకటే కావడం లెక్కకు భలే కలిసివచ్చింది: గ్రాము భాస్వరానికి సుమారు 8 గ్రాముల సాల్ట్ పడుతుంది, అంతే బరువు స్ట్రువైట్ రావాలి. కాస్త మిగులు ఉండేలా పది శాతం ఎక్కువ వేశాను. మూత్రంలో భాస్వరం ఎంతుందో ముందుగా ప్రయోగశాలలో కొలిపించడం అవసరం, ఎందుకంటే ఎన్ని నీళ్లు కలిశాయన్నదాన్ని బట్టి అది చాలా మారుతుంది.

సాల్ట్ వేసి పది నిమిషాలు కలిపేసరికి ద్రవం పాలలా తెల్లబడింది. అది తేరుకున్నాక దళసరి నూలుగుడ్డ సంచిలో వడగట్టి, మిగిలిన ముద్దను ఎండబెట్టాను. పొయ్యి మీదో ఓవెన్‌లోనో ఆరబెట్టాలన్న తొందర ఇక్కడ పనికిరాదు. 55 డిగ్రీలు దాటితే స్ఫటికంలోని అమ్మోనియా, నీరు విడిపోవడం మొదలవుతుంది. మూత్రం నిల్వ చేసిన డ్రమ్ము అడుగున పేరుకునే గట్టి పొరను కూడా గీకి తీసుకున్నాను, మూత్రంలో సహజంగా ఉన్న కాల్షియం, మెగ్నీషియంతో కలిసిన భాస్వరం కొంత అందులోనే ఉంటుంది.

పొడి చేతికి వచ్చాక తృప్తి కలిగిన మాట నిజమే కానీ, నా దృష్టిలో ఈ పనిలో అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. భాస్వరం తొంభై శాతానికి పైగా పొడిలోకి వస్తుంది, నత్రజని మాత్రం కొద్ది శాతమే వస్తుంది. తక్కినదంతా, పొటాషియంతో సహా, వడగట్టిన ద్రవంలోనే ఉండిపోతుంది. స్ట్రువైట్ తీసి ఆ ద్రవాన్ని పారబోసేవారు పోషకాల్లో పెద్ద భాగాన్ని పారబోస్తున్నట్టే. పైగా పీహెచ్ 9 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, ఆ అమ్మోనియాలో మూడో వంతుకు పైగా ఆవిరై పోగల రూపంలో ఉంటుంది. మూత తీసి ఉంచిన క్యాన్ నుంచి వచ్చే ఘాటు వాసన నిజానికి గాలిలో కలిసిపోతున్న ఎరువే. స్విట్జర్లాండ్‌లోని ఈయావాగ్ అనే నీటి పరిశోధన సంస్థవారు ఈ సమస్యకు వేరే దారి పట్టారు: బాక్టీరియాతో అమ్మోనియాలో సగాన్ని నైట్రేటుగా మార్చి, ద్రవాన్ని స్థిరపరచి, ఉత్తేజిత బొగ్గుతో మందుల అవశేషాలు తొలగించి, నీటిని ఆవిరి చేసి తీసేసి చిక్కబరుస్తారు. ఆ ఎరువు ఆరిన్ పేరుతో 2018లో అక్కడ అన్ని పంటలకూ ఆమోదం పొందింది. అంత ఏర్పాటు ఇంట్లో కుదరదు కాబట్టి నేను క్యాన్లను బిగుతుగా మూసి నిల్వ చేశాను. పలు ఇళ్ల మూత్రాన్ని కలిపి ఏ పంటకైనా వాడాలంటే 20 డిగ్రీలకు తగ్గని వేడిలో ఆరు నెలలు నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెబుతాయి. నాది ఒక్క కుటుంబానిదే అయినా ఆ గడువునే పాటించాను.

నిల్వ చేసిన ద్రవాన్ని వాడేటప్పుడు నీళ్లు కలిపి, మొక్క మొదలుకు కాస్త దూరంగా చాలు తీసి, పోసిన వెంటనే మట్టి కప్పుతాను. ఆకుల మీద చల్లను, కోతకు నెల ముందే ఆపేస్తాను. మూత్రంలో ఉప్పు కూడా ఉంటుంది గనుక నీరు నిలిచే బరువు నేలల్లో దీన్ని తగ్గించి వాడడమే మేలు. పొడిని మాత్రం నాటేటప్పుడే గుంతలో వేస్తాను, అది నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి వేర్లు మాడవు.