తుపాకీ పేల్చని బొమ్మలు

ఆదివారం, హనుమకొండ

ఫోనులో చోటు లేదని ఒకటే గోల. పొద్దున కరెంటు పోయి మిక్సీ పని ఆగిపోవడంతో, సరే, పాత ఫోటోలు తీసేద్దామని కూర్చున్నాను. పెళ్లిళ్లవీ గృహప్రవేశాలవీ జాలి లేకుండా తీసేశాను. డీకిర్ష్ ఫోటోల దగ్గర చెయ్యి ఆగింది.

అమ్మాయి ఉద్యోగం లక్సెంబర్గ్‌లో. కిందటేడు మేము వెళ్లినప్పుడు, ముసురు పట్టిన ఒక రోజున డీకిర్ష్‌లోని సైనిక చరిత్ర మ్యూజియం చూపించింది. అది ఒకప్పుడు బీరు కర్మాగారమట. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబరు 16న, జర్మన్లు ఆర్డెన్ అడవుల మీదుగా అమెరికా సేనల మీద విరుచుకుపడ్డారు. జనవరి చివరి దాకా మంచులో సాగిన ఆ యుద్ధమే అక్కడ ప్రధానం. పతకాలు అద్దాల వెనక వరసగా పేర్చి ఊరుకోలేదు. నిలువెత్తు బొమ్మలకు ఆనాటి దుస్తులు తొడిగి, ఆనాటి సామాను చేతికిచ్చి, గదికో సంఘటన నిలబెట్టారు.

మా వారు లోపలికి వెళ్లీ వెళ్లగానే యుద్ధ వాహనాల దగ్గర పాతుకుపోయారు. నేను సూర్ నది దాటే దృశ్యం దగ్గర ఆగాను. 1945 జనవరి 18న, ఇంకా తెల్లవారక ముందే, అమెరికా 5వ పదాతి డివిజన్ ఆ నదిని దాటింది. శత్రువు పసిగట్టకూడదని ముందుగా ఫిరంగులు కూడా పేల్చలేదట. ఆ గదిలోనూ అదే చీకటి, మంచు, ఒడ్డున పడవ. నేలా ఆకాశమూ తెల్లగా ఉన్నచోట సైనికుడు కనబడకుండా ఉండాలంటే తెల్లబట్ట కప్పుకోవాలి. సైన్యం దగ్గర అంత తెల్లబట్ట లేదు. అందుకని ఊళ్లలో ఇళ్లకు వెళ్లి పరుపుల మీది దుప్పట్లు అడిగి తెచ్చుకున్నారు.

అమ్మాయి అప్పుడే ఇంకో సంగతి చెప్పింది. బెల్జియంలో బాస్టోన్ పక్కన హెమ్రూల్ అనే పల్లె ఉంది. అక్కడ మేజర్ జాన్ హాన్లన్ ఊరివాళ్ల దగ్గర దాదాపు 200 దుప్పట్లు తీసుకున్నాడు, తిరిగి ఇస్తానని మాట ఇచ్చి. యుద్ధం అయిపోయాక, 1948లో, తన ఊరివాళ్లు పోగుచేసి ఇచ్చిన దుప్పట్లతో మళ్లీ ఆ పల్లెకు వెళ్లి మాట నిలబెట్టుకున్నాడు. నాకు ఆ యుద్ధంలో ఏ జనరల్ పేరూ ఇంత గట్టిగా గుర్తులేదు. జంపఖానాలు నేసే మా కొత్తవాడ వాళ్లను అడిగి ఉంటే అవే ఇచ్చేవాళ్లు. అంత బరువు, పైగా ఎర్ర చారలు! శత్రువుకు మైలు దూరం నుంచే కనబడేవాళ్లు.

ఇవాళ ఫోటోలు ఒక్కొక్కటే చూస్తుంటే ఒక విషయం తట్టింది. తుపాకీ పేలుస్తున్నట్టు, నోరు తెరిచి అరుస్తున్నట్టు పెట్టిన బొమ్మలు ఏ మ్యూజియంలో చూసినా నాకు నమ్మబుద్ధి కాదు. ఆ తుపాకీ ఎప్పటికీ పేలదు, ఆ అరుపు ఎప్పటికీ బయటికి రాదు. కాచుకుని కూర్చున్నవాడు, బూటు విప్పి పాదం చూసుకుంటున్నవాడు, తడి మేజోళ్లు ఆరబెట్టుకుంటున్నవాడు అయితే వేరు. ఆ క్షణాన మనిషి కూడా అలాగే కదలకుండా ఉంటాడు కదా. బొమ్మ అబద్ధం ఆడనక్కర్లేదు. మేజోళ్ల సంగతి చిన్నదేమీ కాదు. ఆ చలికాలంలో తడి పాదాలు చెడిపోయి యుద్ధానికి పనికిరాకుండా పోయినవాళ్లు వేలమంది.

బొమ్మల వల్ల కానిది చలి. హీటర్లు వేసిన గదిలో మంచును చూస్తూ నేను స్వెటర్ విప్పాను. ముఖాలు కూడా మరీ శుభ్రంగా ఉంటాయి, అప్పుడే గడ్డం గీసుకుని వచ్చినట్టు. ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికన్లే సుమారు 19,000 మంది అని ఆ ముఖాలను చూస్తే తోచదు.

విశాఖ బీచ్‌లోని కురుసుర గుర్తొచ్చింది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో కాపలా తిరిగి, 2001లో విరమించిన జలాంతర్గామి. తొంభై మీటర్ల ఇనుప గొట్టంలో డెబ్బై అయిదు మంది దాకా ఉండేవారట. లోపల బొమ్మలు పెట్టారు గానీ, నేను చూసింది మాకు దారి చూపిన పెద్దాయనను. నౌకాదళంలో చేసి రిటైరైన మనిషి. ప్రతి గుండ్రటి ద్వారం దగ్గరా మాతో మాట్లాడుతూనే తల వంచి, కాలు ఎత్తి, చూడకుండా దాటేసేవారు. వెనక మేమందరం మోకాళ్లు కొట్టుకుంటూ నడిచాం. ఇక ఆ బొమ్మలను ఎవరు చూస్తారు?

సాయంత్రం చల్లబడ్డాక ఇద్దరం ఖిలా వరంగల్ వెళ్లాం. తోరణాల దగ్గర జనం ఫోటోలు దిగుతున్నారు, మట్టికోట వైపు ఎవరూ లేరు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాపతి మాలిక్ కాఫూర్ సేన ముట్టడించింది ముందు ఆ మట్టిగోడనే. రాళ్లు విసిరితే తగిలి వెనక్కి ఎగిరొచ్చేంత గట్టిదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు, అదీ శత్రువు పక్షం నుంచి. ఇక్కడ నిలువెత్తు బొమ్మలు పెడితే ఎవరిని పెట్టాలి అని మా వారిని అడిగాను. నా మటుకు గుర్రం మీద సేనాపతి వద్దు. రాత్రిపూట గంపలతో మట్టి మోసి, నీళ్లు చల్లి, పగిలిన చోట గోడ పూడుస్తున్న ఆడవాళ్లూ మగవాళ్లూ చాలు. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. సంధిలో ప్రతాపరుద్రుడు ఇచ్చిన వంద ఏనుగుల్లో ఒక్కటైనా ఉండాలట. ట్యాంకు లేని లోటు ఎలాగో తీరాలి కదా ఆయనకు.