'కొననీకి'లోని 'కి', ఇంగ్లీషులోని 'టు': నా అనుభవం

2022-23 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైనప్పుడు నేను నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. డ్యామ్, కెనాల్, మైగ్రేషన్ వంటి మాటలు నాకూ కొత్త కావు, పిల్లలకూ కొత్త కావు. చిక్కంతా ఒక పనిని దాని ఉద్దేశంతోను, చోటుతోను, సాధనంతోను కలిపి ఒకే వాక్యంలో చెప్పవలసిన చోట వచ్చింది. సాంఘిక శాస్త్రం నిండా అవే వాక్యాలు: ఆనకట్ట ఎందుకు కట్టారు, జనం ఎక్కడికి ఏ పని కోసం వలస వెళ్లారు, నీటిని దేనితో శుద్ధి చేశారు.

ఆ సంవత్సరం పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో ఎదురెదురు పుటల్లో అచ్చువేయడం నాకు పెద్ద ఆసరా అయింది. ఒక నోటుపుస్తకంలో ప్రతి పుటనూ నిలువుగా రెండుగా విభజించి, ఒకవైపు తెలుగు వాక్యాన్ని, రెండోవైపు దాని ఇంగ్లీషు వాక్యాన్ని రాసుకుంటూ, మన విభక్తి ప్రత్యయం అక్కడ ఏ రూపం దాల్చిందో గీత గీసి చూసుకోవడం మొదలుపెట్టాను. పుస్తకంలోని వాక్యాలు అయిపోయాక, మన జిల్లా సంగతులతో నేనే కొత్త వాక్యాలు కట్టుకున్నాను.

వాటిలో మొదటి రోజుల్లో రాసుకున్న వాక్యం ఒకటి ఇది: 'నెహ్రూ కేమ్ టు నందికొండ ఇన్ 1955 టు లే ద ఫౌండేషన్ స్టోన్ ఆఫ్ ద డ్యామ్.' నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేయడానికి నెహ్రూ నందికొండకు వచ్చారని దాని అర్థం. దీన్ని నల్లబల్ల మీద రాసినప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మేడం, ఊరికి అన్నప్పుడూ టు, ఎయ్యనీకి అన్నప్పుడూ టు, రెండూ ఒకటేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. మా వైపు మాటలో 'అంగడికి పోయిన, కూరగాయలు కొననీకి' అంటాం. రాసేటప్పుడు 'కొనడానికి' అంటాం. రెండింటిలోనూ క్రియను నామంగా మార్చి దానికి 'కి' చేర్చుతున్నాం. ఇంగ్లీషు కూడా ఒకప్పుడు ఇదే పని చేసింది. ప్రాచీన ఇంగ్లీషులో 'టు' అనే విభక్తి పదం క్రియానామం ముందు నిలిచేది, ఆ క్రియానామం చివర మన 'కి' వంటి ప్రత్యయం కూడా ఉండేది. 'తాగడానికి' అనవలసిన చోట వారు 'టో డ్రింకెన్నె' అనేవారు. కాలక్రమంలో ఆ ప్రత్యయం అరిగిపోయింది. మిగిలిన 'టు' చోటును చెప్పేటప్పుడు విభక్తిగానే ఉండిపోగా, క్రియ ముందు నిలిచినప్పుడు కేవలం క్రియకు గుర్తుగా మారింది. అందువల్ల నేడు అవి చూడడానికి ఒకటే అయినా, వాటి వెనుక రావలసిన రూపాలు వేరు.

ఈ తేడాను పిల్లలకు పట్టి చూపడానికి నాకు పాలమూరు వలసల పాఠం ఉపకరించింది. 'ద పీపుల్ ఆఫ్ పాలమూరు వర్ యూజ్డ్ టు గోయింగ్ టు ముంబై టు వర్క్ ఆన్ బిల్డింగ్స్' అనే వాక్యంలో మూడు 'టు'లు ఉన్నాయి. మొదటిది 'అలవాటు పడ్డారు' అన్న దాని వెంట వచ్చే విభక్తి, అందుకే దాని తరువాత 'గో' రాక 'గోయింగ్' వచ్చింది. రెండోది ముంబైకి అనడంలోని 'కి'. మూడోది పని చేయడానికి అన్న ఉద్దేశాన్ని చెబుతూ క్రియ ముందు నిలిచింది. 'వర్' తీసేసి 'యూజ్డ్ టు గో' అంటే 'పూర్వం వెళ్లేవారు' అనే అర్థం వస్తుంది, అక్కడి 'టు' మళ్లీ క్రియకు గుర్తే. నేను చెప్పిన పరీక్ష ఒక్కటే: 'టు' తరువాత 'ఇట్' పెట్టి చూడండి. 'లుక్ ఫార్వర్డ్ టు ఇట్' నిలుస్తుంది కాబట్టి అక్కడ 'మీటింగ్' అనాలి. 'వాంట్ టు ఇట్' నిలవదు కాబట్టి అక్కడ 'మీట్' అనాలి. 'ఆబ్జెక్ట్ టు', 'కంట్రిబ్యూట్ టు' వంటివన్నీ ఈ పరీక్షకు లొంగుతాయి.

మిగతా విభక్తి పదాల సంగతి సులువు. 'బై', 'వితౌట్', 'ఆఫ్టర్', 'ఇన్' వంటి వాటి వెనుక క్రియ 'ఇంగ్' చేరిన రూపంలోనే వస్తుంది. ఒక్క 'ఫర్' దగ్గర మాత్రం కొంత ఆగవలసి వచ్చింది. మన 'కోసం' ప్రభావం వల్ల పిల్లలు 'ఫర్ టు రిమూవ్' అని రాస్తారు. మధ్యయుగపు ఇంగ్లీషులో 'ఫర్ టు' మామూలుగానే వాడేవారు; నేటి ప్రామాణిక భాషలో అది చెల్లదు. మన జిల్లా పేరే పెట్టుకున్న 'నల్లగొండ టెక్నిక్' ఇక్కడ మంచి ఉదాహరణ అయింది. నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ఆ పద్ధతిలో పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగిస్తారు. 'ఆలమ్ అండ్ లైమ్ ఆర్ యాడెడ్ టు ద వాటర్ టు రిమూవ్ ఫ్లోరైడ్' అంటే ఒకరు ఒక ఉద్దేశంతో చేసిన పని. 'ఏ మెథడ్ ఫర్ రిమూవింగ్ ఫ్లోరైడ్' అంటే ఆ పద్ధతి దేనికి ఉపయోగపడుతుందో చెప్పడం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని గురించి 'నాట్ సేఫ్ ఫర్ చిల్డ్రన్ టు డ్రింక్' అన్నప్పుడు, 'ఫర్ చిల్డ్రన్' తాగేవారెవరో చెబుతుంది. ఇక్కడ 'డ్రింక్' తరువాత 'ఇట్' పెట్టకూడదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టినది, నేను అన్నిటికన్నా ఇష్టపడి నేర్చుకున్నది మరొకటి. మనం 'కూర్చునే బల్ల', 'రాసే పెన్ను', 'నీళ్లు తెచ్చే బిందె' అంటాం. బల్ల కూర్చోదు, పెన్ను తనంత తాను రాయదు. అయినా బల్ల మీద, పెన్నుతో, బిందెలో అనే విభక్తులను మన క్రియాజన్య విశేషణం తనలో దాచేసుకుంటుంది, వినేవారు వాటిని తామే ఊహించుకుంటారు. ఇంగ్లీషు ఆ విభక్తిని దాచదు, చివరన తప్పనిసరిగా నిలుపుతుంది: 'ఏ బెంచ్ టు సిట్ ఆన్', 'ఏ పెన్ టు రైట్ విత్', 'ఏ పాట్ టు ఫెచ్ వాటర్ ఇన్'. అయితే 'ఏ బుక్ టు రీడ్' అన్నప్పుడు చివర ఏమీ ఉండదు. దీనికి తెలుగు వాక్యమే కొలత. బల్ల మీద కూర్చుంటాం, పెన్నుతో రాస్తాం, కానీ పుస్తకాన్ని చదువుతాం. ద్వితీయా విభక్తి అయితే చివర ఏదీ అక్కరలేదు. మీద, తో, లో వంటివి వస్తే వాటి ఇంగ్లీషు రూపం చివరకు చేరాలి. 'సమ్‌వన్ టు టాక్ టు' అన్నప్పుడు రెండు 'టు'లు ఎందుకో పిల్లలు ఈ కొలతతోనే చెప్పగలిగారు. మన వ్యాకరణం తెలిసిన పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణాన్ని త్వరగా అందుకుంటారని నేను గట్టిగా నమ్మడానికి ఆ తరగతే కారణం. ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది కదా అని తరగతిలో తెలుగును పూర్తిగా మాన్పించడం నాకు సమ్మతం కాదు.

కాలాన్ని చెప్పే పదబంధాలను ఎక్కడ ఉంచాలన్నది కూడా చూసుకోవాలి. 'ద ఫార్మర్స్ డిసైడెడ్ టు సెల్ ద కాటన్ ఆన్ మండే' అంటే సోమవారం నిర్ణయించారో, సోమవారం అమ్మాలనుకున్నారో తేలదు. నిర్ణయం సోమవారం జరిగితే 'ఆన్ మండే'ను వాక్యం మొదట పెట్టమంటాను.

పెద్ద తరగతుల పుస్తకాల్లో 'ఏ హౌస్ ఇన్ విచ్ టు లివ్' వంటి రూపం కూడా కనిపిస్తుంది. 'ఏ హౌస్ టు లివ్ ఇన్' అన్నదానికి అది గంభీరమైన రూపం. విభక్తి చివరి నుంచి ముందుకు వచ్చి 'విచ్'తో కలిసింది. చదివినప్పుడు దాన్ని పోల్చుకోగలిగితే చాలునని, తమ జవాబుల్లో మాత్రం విభక్తిని చివరనే ఉంచి రాయమని ప్రస్తుతం పిల్లలకు చెబుతున్నాను.