సలీర్ కార్డు మూడోసారీ తప్పింది

లాటిన్ నుంచి పుట్టిన రొమాన్స్ భాషల మాటల్ని మూలాల వారీగా జతచేస్తూ అంకీలో (కార్డులతో మాటలు బట్టీపట్టించే యాప్) డెక్ కడుతున్నాను. అందులో బుర్రో ఒక్క పూటలో తేలిపోయింది: ఇటాలియన్‌లో వెన్న, స్పానిష్‌లో గాడిద, మూలాలు వేరు, కార్డులూ వేరు. పీకల మీదికి తెచ్చింది సలీర్.

లాటిన్ సలీరె అంటే దూకడం. రొమేనియన్ సరీ ఇప్పటికీ దూకుతూనే ఉంది. ఇటాలియన్ సలీరె పైకెక్కింది. స్పానిష్ సలీర్, పోర్చుగీస్ సఈర్ గడప దాటి బయటికెళ్లాయి. ఫ్రెంచ్ సలీర్‌కి మాత్రం మురికి చేయడమని అర్థం. స్పెల్లింగ్ చూస్తే స్పానిష్ మాటే, అక్షరం తేడా లేదు.

మొదటిసారి స్పెల్లింగ్ పోలికతో జతచేస్తే ఫ్రెంచ్ మాట స్పానిష్ పక్కన చేరింది. దూకితే బురద చిందుతుంది కదా అని సర్దిచెప్పుకోబుద్ధేసింది కూడా. శుద్ధ తప్పు. అది మురికి అనే అర్థమున్న సాల్ విశేషణం నుంచి పుట్టింది. ఆ సాల్ ఫ్రాంకుల జర్మానిక్ భాష నుంచి వచ్చింది. లాటిన్ సలీరెకు ఫ్రెంచ్‌లో అసలు వారసుడు సయీర్, అంటే పొడుచుకొచ్చినట్టుండటం.

రెండోసారి ధ్వనిమార్పులు పెట్టాను. అచ్చుల మధ్య ల్ పోవడం పోర్చుగీస్ లక్షణం (నొప్పికి స్పానిష్ దొలోర్, పోర్చుగీస్ దోర్). సఈర్ సరైన గూటికి చేరింది. ఫ్రెంచ్ సలీర్‌లో ల్ నిలిచే ఉంది కాబట్టి జల్లెడలో పడలేదు.

మూడోసారి క్రియారూపాలు. 'మేము' రూపంలో ఇస్స్ వస్తే (సలిసోఁ) విశేషణం నుంచి పుట్టినట్టే, రూజ్ (ఎర్రని) నుంచి రుజీర్ (ఎర్రబడు) లాగా, అనుకున్నాను. సలీర్ బయటికి పోయింది, దాంతోపాటు ఫినీర్ (ముగించు) కూడా! అదేమో నేరుగా లాటిన్ ఫినీరె బిడ్డ. పైగా 'నేను' రూపం స్పానిష్‌లోనూ ఇటాలియన్‌లోనూ సాల్గోయే: ఒకచోట బయటికెళ్తున్నా, ఇంకోచోట ఎక్కుతున్నా. మూలం ఒకటే కాబట్టి ఏ మూల సూత్రమూ వీటిని విడదీయదు.

ఇక చేత్తోనే నింపుతున్నాను: మూలానికో కాలమ్, అర్థానికో కాలమ్. విక్షనరీ తొలిచూపుకి చాలు. ఫ్రెంచ్ మాటలకు ట్రెజోర్ నిఘంటువే నయం, తొలి ప్రయోగాల తేదీలిస్తుంది. 'మోసపు మాటల' (రెండు భాషల్లో ఒకేలా కనిపించి అర్థం వేరైన మాటల) పట్టికలు నాకు పనికిరావు. హిందీలో నవల, మనకు ప్రసంగం అయిన ఉపన్యాసం లాంటి ఒకే మూలపు మాటల్ని, సలీర్ లాంటి కాకతాళీయాల్నీ ఒకే గాటన కట్టేస్తాయి.

తర్వాతి వంతు బయటికెళ్లడమనే లాటిన్ ఎక్సీరెది. స్పానిష్ ఎక్సితో (విజయం), ఇటాలియన్ ఉషీరె (బయటికెళ్లు), రియుషీరె (నెగ్గు), దాన్ని అరువు తెచ్చుకున్న ఫ్రెంచ్ రేయుసీర్. ఈ చివరిదానికీ 'మేము' రూపంలో ఇస్స్ ఉంది.