కాన్పుకు తోడు వెళ్లడానికి సెలవు: నా అనుభవం

ఆఫీసు ఉద్యోగం చేస్తూనే నేను డౌలాగా కాన్పులకు తోడు వెళ్తుంటాను. డౌలా అంటే మంత్రసాని కాదు. వైద్యం చేయను, పరీక్షలు చేయను. నొప్పులు ముదిరినప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా తల్లి పక్కనే ఉంటాను. నడుము నిమురుతాను, ఊపిరి నిదానంగా తీసుకోమని గుర్తుచేస్తాను, భయపడితే చెయ్యి పట్టుకుంటాను.

చిక్కంతా టైముతోనే. డాక్టరు చెప్పిన తేదీకే పుట్టే పిల్లలు తక్కువ. అందుకని 38వ వారం నుంచి 42వ వారం దాకా ఎప్పుడు పిలిచినా బయల్దేరేలా ఉండాలి. ఒకసారి తెల్లవారుజామున పిలుపొస్తే మేనేజర్‌కు మెసేజ్ పెట్టి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అనుమతి లేని గైర్హాజరు అని రాశారు. వెనకే హెచ్చరిక లేఖ.

నాకేమైనా రక్షణ ఉందేమోనని వెతికాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో తెచ్చిన 183వ ఒప్పందం తల్లికి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలంటుంది. అది తల్లికి. మా ఆఫీసులో కుటుంబ సంరక్షణ సెలవు ఉంది, అది సొంతవాళ్లకే. కాన్పు సమయంలో తల్లికి నచ్చిన మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. మరి ఆ వచ్చే మనిషి ఉద్యోగం ఏం కావాలి? చాలా బాధేసింది.

కాంట్రాక్ట్ తీసి చదివితే బయటి పనికి రాతపూర్వక అనుమతి కావాలని ఉంది. నేను తీసుకోలేదు, ఆ తప్పు నాదే. అప్పుడు హెచ్ఆర్‌కు లేఖ రాశాను. నెలకు ఒక్క కాన్పే ఒప్పుకుంటాను, నా సెలవులోంచే గంటల లెక్కన కోసుకోండి, హాజరు రేటింగ్‌లో మాత్రం లెక్కించకండి అని అడిగాను. నా పని ఎవరు చూస్తారో కూడా రాశాను.

అన్నీ సరేగానీ, సాక్ష్యంగా ఆసుపత్రి కాగితం తెమ్మన్నారు. అందులో తల్లి పేరుంటుంది, ఆమె ఆరోగ్య వివరాలుంటాయి. నా సెలవు కోసం ఆవిడ రహస్యం నేనెలా ఇస్తాను? కుదరదన్నాను. రెండు వారాలు మెయిళ్లు నడిచాయి. ఆ టెన్షన్‌లో నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు. చివరికి తేదీ, వెళ్లిన టైము, వచ్చిన టైము రాసి నేను సంతకం పెట్టిన కాగితం చాలన్నారు.

హెచ్చరిక లేఖ మాత్రం ఫైల్లోనే ఉంది. తీయమని మళ్లీ రాశాను, జవాబు రావాలి. మీరూ ఈ పనిలో ఉంటే, మొదటి కాన్పు ఒప్పుకోకముందే అనుమతి కాగితం మీద తీసుకోండి. మా మేనేజర్ నోటిమాటగా సరేనన్నది హెచ్ఆర్ దగ్గర చెల్లలేదు.