మూడు రోజుల నిద్ర

బెంగళూరులో నైట్ షిఫ్టులు చేసే రోజుల్లో నాకు ఐస్ అలవాటైంది. మెథాంఫెటమిన్ అనే మత్తుమందు అంటారే, అదే. ఏడాదిన్నర తిరిగేసరికి ఉద్యోగం పోయింది. ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు ఉండేది, గోకి గోకి మోచేతుల దగ్గర పుళ్ళు పడ్డాయి. మా బావ వచ్చి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాడు. దారి పొడవునా బెర్తు కింద ఎవరో దాక్కున్నారని వంగి చూస్తూనే ఉన్నాను.

విజయనగరం చేరాక మూడు రోజులు నిద్రపోయాను. అమ్మ లేపి ముద్దలు పెడితే తిని మళ్ళీ పడుకునేవాణ్ణి. నాలుగో రోజు ఒక డీఅడిక్షన్ సెంటర్లో చేర్చారు. అక్కడివాళ్ళు బాగానే చూసుకున్నారు. కానీ వాళ్ళకి తెలిసినవన్నీ తాగుడు కేసులే. వణుకు వస్తుందా, ఫిట్స్ వస్తాయా అని కనిపెట్టుకుని ఉన్నారు. రెండూ రాలేదు కాబట్టి నయమైపోయిందనుకుని పది రోజులకి పంపేశారు. ఆ పది రోజుల్లోనే కౌన్సిలర్ ఒకాయన జీతం చాలక మానేశాడు.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. అమ్మ వండిన చేపల పులుసుకి రుచే తెలిసేది కాదు. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను మంగళవారం ఊరంతా మూడు లాంతర్ల దగ్గరుంటే నేను తలుపు గడియ పెట్టుకుని చావు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. నెల తిరక్కుండా మళ్ళీ మొదలుపెట్టాను.

బావ టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే విశాఖలో చూపించమన్నారు. అక్కడి డాక్టరుగారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. హెరాయిన్ మానడానికి బుప్రెనార్ఫిన్ ఉంది, దీనికి మాత్రం అలా పనిచేసే మాత్ర ఇంకా లేదు, కౌన్సెలింగే ప్రధాన వైద్యం అన్నారు. ఆ కౌన్సెలింగ్ చేసిన మేడమ్ ఈ జబ్బు గురించి ప్రత్యేకంగా నేర్చుకున్న మనిషి. "కొన్నాళ్ళు నీకు ఏదీ బాగోదు బాబూ. మెదడులో డోపమైన్ అనే రసాయనం సర్దుకోవడానికి నెలలు పడుతుంది" అని మొదటి రోజే చెప్పారు. ఆ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

వారానికి రెండుసార్లు మూత్ర పరీక్ష. నెగటివ్ వస్తే స్టీలు డబ్బాలోంచి చీటీ తీయాలి. కొన్నిట్లో "శభాష్" అని మాత్రమే ఉండేది, కొన్నిట్లో ఫోన్ రీచార్జి. వరసగా నెగటివ్ వస్తుంటే చీటీలు పెరిగేవి, ఒక్కసారి తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఆ చీటీ విప్పేటప్పుడు నా చేతులు వణికేవి. చాలా నెలల తర్వాత నాకు దేనిమీదైనా ఆశ పుట్టిందంటే ఆ డబ్బా మీదే.

మానేసి రెండేళ్ళు దాటింది. మొన్న మా ఊళ్ళో నర్సులకీ కౌన్సిలర్లకీ శిక్షణ పెడితే మేడమ్ నన్నూ రమ్మన్నారు. ఒక సిస్టర్ లేచి, "ఐస్ మానినవాళ్ళు పగలంతా పడుకుంటే లేపి గ్రూప్ కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టాలా?" అని అడిగింది.

"వద్దు సిస్టర్, మొదటి రోజుల్లో పడుకోనివ్వండి. లేచినప్పుడు అన్నం పెట్టండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని మాత్రం తప్పకుండా అడగండి. నన్ను ఎవరూ అడగలేదు" అన్నాను.

ఆమె నోట్‌బుక్ తెరిచి రాసుకుంది.